మన పొలము క్రింది నీళ్లు ఎవరివి?

ధ్యానమునకు: ఆదికాండము 26వ అధ్యాయము



ఇస్సాకు గెరారు లోయలో బావులు త్రవ్వించిన సంగతిని మన ప్రాంతపు సంఘములలో వివరించుటకు బోధకుడు ఎక్కువ శ్రమపడనక్కరలేదు. బావి పూడిపోవుట, త్రవ్విన చోట నీళ్లు పడుట, పడిన మరునాడే వాటికొరకు తగవు పుట్టుట చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె వైపు సేద్యము చేసికొను విశ్వాసులు ఎరిగినవే. అబ్రాహాము త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మంటితో పూడ్చివేసిరి. కుమారుడు వాటిని మరల త్రవ్వించెను. అతని దాసులు లోయలో క్రొత్త ఊట కనుగొనగానే గెరారు కాపరులు వచ్చి ఆ నీళ్లు తమవేనని వాదించిరి. మొదటి బావికి ఏశెకు అని పేరు వచ్చెను, అనగా జగడము. రెండవదానికి శిత్నా, అనగా విరోధము. మూడవదానిని గూర్చి ఎవరును కలహింపలేదు గనుక అది రహెబోతు ఆయెను.

ఈ నెల మనము ఆలోచింపదలచినది ఆ కాపరుల వాదమునే. నా పొలములో, నా డబ్బుతో వేయించిన బోరులో పడిన నీళ్లు నావా? మనలో అనేకులకు ఇది ప్రశ్నగానే తోచదు. పట్టా నాది, అప్పు నాది, మోటారు నాది, కనుక నీళ్లును నావే అందురు. దొంగిలనివాడు, అబద్ధమాడనివాడు, ఆదివారపు ఆరాధన తప్పనివాడు కూడ ఈ మాట నిర్భయముగా పలుకును. మంచివారు కూడ విచారింపక పలుకు మాట గనుకనే దీనిని విచారింపవలసియున్నది.

మొదట మన నీళ్లు భూమిలో ఎట్లున్నవో చూతము. మనది రాతి నేల. పైన కొంతవరకు మెత్తబడిన రాయి, మన్ను ఉండును. దాని క్రింద గట్టి నల్లరాయి. వాన నీరు ఇంకి నిలుచునది చాలమట్టుకు ఆ మెత్తని పొరలోనే. దాని క్రింద రాతి పగుళ్లలో కొద్దిపాటి నీరుండును. మన తాతలు దిగుడు బావులు త్రవ్వి, ఎద్దులను కట్టి కపిల తోలిరి. ఎద్దు అలసిన నిలిచిపోవును. బావిలో నీరు రాత్రి ఊరును. తరువాత నూనె ఇంజను, పిమ్మట కరెంటు మోటారు వచ్చెను. 2004లో సేద్యపు మోటార్లకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట ఎంతసేపు తోడితిమో లెక్క చూచుకొను అవసరమే పోయెను. బావులు ఎండగా బోర్లు దిగినవి. వంద అడుగుల బోరు మూడు వందలాయెను. ఇప్పుడు వెయ్యి అడుగులు దింపుట వింతగాదు. టెంకాయ పట్టి నీళ్లు చూచువాడు చూపిన చోట ఒకటి, అది ఎండిన ఇంకొక చోట మరియొకటి. టమోటా ధర పలుకునన్న ఆశతో తెచ్చిన అప్పు ఎండిన బోరులో పడి మరల పైకి రాకపోవుట మన యిండ్లలోనే జరిగినది.

ఆ పగులు నా గట్టు దగ్గర ఆగదు. సర్వేయరు రాళ్లు నేలమీద పాతబడినవిగాని క్రిందనున్న నీటికి హద్దురాయి లేదు. నేను వెయ్యి అడుగులనుండి తోడు నీరు ప్రక్క చేనివాని బోరులోనిది కావచ్చును, ఊరివారు త్రాగు చేతిపంపులోనిది కావచ్చును. ఎన్నో యేండ్ల వానలు మెల్లగా ఇంకి నిలిచిన నీటిని ఒక్క టమోటా పైరుకు పారించుట ఈ యేటి ఫలమును తినుట కాదు, ముందు తరముల విత్తనమును తినుట.

చట్టము ఏమనుచున్నది? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టము తన భూమిక్రింది నీటిని తోడుకొను హక్కు భూస్వామికి గలదని ఎంచినది. ఎద్దులతో కపిల తోలిన కాలములో ఆ హక్కు ఎవనికిని పెద్ద హాని చేయలేదు. 2002లో మన రాష్ట్రమునకు నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చెను. దానినే వాల్టా అందుము. బోరు వేయుటకు ముందు అనుమతి కావలెననియు, ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేక మరియొక బావి త్రవ్వరాదనియు అది విధించినది. నీళ్లు ఒక్కని సొత్తు కావని చట్టమే ఒప్పుకొనవలసివచ్చెను. అయినను రాత్రివేళ బోరు బండి వచ్చిపోయిన తరువాత ఈ చట్టము ఎంత పనిచేయునో మీరెరుగుదురు. పోలీసు చూడనప్పుడు మనస్సాక్షి ఏమనుచున్నదన్నదే మన ప్రశ్న.

లేవీయకాండము 25లో భూమి తనదేయనియు, ఇశ్రాయేలీయులు తనయొద్ద కాపురమున్న పరదేశులవంటివారనియు దేవుడు తెలియజేసెను. ఇది మనకు కంఠతా వచ్చిన బోధయే. అయితే ఆ గ్రంథమే 19వ అధ్యాయములో చెప్పిన చిన్న సంగతిని నేను ఎక్కువగా తలంచుచున్నాను. కోత కోయువాడు పొలము అంచులవరకు కోయరాదు. రాలిన పరిగె ఏరుకొనరాదు. అవి బీదలకును పరదేశికిని విడువవలెను. అది దయగలవాడు ఇష్టమైతే చేయు ధర్మమని అక్కడ లేదు. దున్నినవాడు, విత్తినవాడు, కావలి కాచినవాడు అతడే. అయినను అంచుమీది పంటకు అతనికి హక్కు లేదు. స్వంత పొలములోనే స్వంతహక్కు ఒకచోట ఆగిపోవుచున్నది. వెయ్యి అడుగుల బోరు అంచులవరకు కోయు కోత కాదా? నీటికి కూడ ఒక అంచు ఉన్నదనియు, ఆ అంచు త్రాగునీటికి, పశువులకు, క్రిందివానికి, రాబోవు యేడాదికి విడువవలసినదనియు నా అభిప్రాయము.

దీనికి మన రైతులు చెప్పు జవాబు గట్టిది. నేను విడిచిన నీళ్లను ప్రక్కవాడు తోడుకొనును, అప్పుడు నా పైరు ఎండుటయేగాని ఊరికి ఒరిగినదేమి అందురు. ఇది స్వార్థముతో పలికిన మాటయని కొట్టివేయకూడదు. పరిగె విడిచినయెడల బీదరాలు రూతు ఏరుకొనెను. నీళ్లు విడిచినయెడల పది బోర్లున్నవాడు ఏరుకొనును. ఒంటరి మంచితనము నీటి విషయములో నిజముగానే చాలదు. అందుచేత 26వ అధ్యాయపు చివరి భాగమును విడువక చదువవలెను. తన్ను వెళ్లగొట్టిన అబీమెలెకు తనయొద్దకు వచ్చినప్పుడు ఇస్సాకు విందు చేసెను. తెల్లవారగానే ఇద్దరును ప్రమాణము చేసికొనిరి. ఆ దినముననే దాసులు వచ్చి నీళ్లు పడెనని తెలియజేసిరి. ఇస్సాకు కొన్నాళ్లు జగడము విడిచి ముందుకు సాగిపోయెను. ఆ కాలములో అతనికి సాగిపోవుటకు చోటున్నది. మనకు లేదు. మనకు మిగిలినది ప్రమాణమే.

అట్టి ప్రమాణము మన జిల్లాలో జరుగలేదనుకొనకుడి. 2003 నుండి 2009 వరకు చిత్తూరు, అనంతపురము, కడప, కర్నూలు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరు అను ఏడు జిల్లాలలో రైతులే భూగర్భ జలమును కాచుకొను పథకమొకటి ఐక్యరాజ్య సమితివారి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచెను. పురుషులు, స్త్రీలు కూడ బావుల నీటి మట్టమును పదునైదు దినములకొకసారి కొలిచి వ్రాసిరి. ఊరిలో వర్షమాపకము పెట్టి కురిసిన వానను లెక్కగట్టిరి. రబీ పంటకు ముందు సభ కూడి, భూమిలో ఇంత నీరున్నది, మనము వేయదలచిన పైరులకు ఇంత కావలెను అని గోడమీద వ్రాసి చూచుకొనిరి. ఎవరును ఎవరిని బలవంతపెట్టలేదు, జరిమానా లేదు. తన అంకెను పదిమంది ఎదుట చూచిన రైతు ఇంటికి పోయి తానే నిర్ణయించుకొనెను. పలుచోట్ల నీరెక్కువ త్రాగు పైరులు తగ్గెనని పరిశీలించినవారు వ్రాసిరి. నాకు ఇందులో నచ్చినది లెక్క బహిరంగముగా నుండుట. పాపము చీకటిలో పెరుగునని మనము బోధించుచున్నాము. బోరు విషయములోను అంతే.

ఇంకొక అభ్యంతరమున్నది. అది మొదటిదానికంటె కష్టమైనది. ముందుగా బోర్లు వేసినవాడు మామిడితోటలు పెంచుకొనెను, మేడ కట్టుకొనెను. ఒక ఎకరము డి.కె.టి. భూమి గలవాడు ఇప్పుడే మొదటి బోరు వేయబోవుచుండగా, నీళ్లు తగ్గినవి, అందరును సమానముగా తగ్గించుకొందము అనుట న్యాయమా? కాదని నేననుచున్నాను. సమానముగా తగ్గించుట అన్యాయమును అట్లే నిలుపుట. యెహెజ్కేలు 34లో బలిసిన గొఱ్ఱెలు తేటనీళ్లు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలకచేయుటనుగూర్చి దేవుడు తీర్పు తీర్చెను. మొదట త్రాగినవాడు మొదట ఆగవలెను. చివరవాడు చివరగా ఆగవలెను. దీనిని సభలో లేచి చెప్పుట సులభము కాదు, ఏలయనగా మొదట త్రాగినవాడు సాధారణముగా సభలో ముందు వరుస కుర్చీలోనుండును.

అయితే న్యాయముగా నీళ్లు పంచు విద్య మనకు క్రొత్తది కాదు. కడప, చిత్తూరు ప్రాంతములలో చెరువు కట్టించినవారికిని, దాని మరమ్మతు చూచువారికిని దశబంధ మాన్యములుండెడివి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకట్ట దగ్గరనున్న 1369 నాటి శాసనములో మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, తగులగల ఆరు దోషములును చెక్కబడియున్నవి. నీరు కొంచెమై సాగుభూమి విస్తారముగా నుండుట ఆ దోషములలో ఒకటి. ఆరు వందల యేండ్లకు పైబడి రాతిమీద నిలిచియున్న ఆ మాటను మనము ఇంకను నేర్చుకొనలేదు.

తూము ఎత్తి ఎవరి కయ్యకు ఎంతసేపు నీరు పారవలెనో చూచినవాడు నీరుగంటి. పలు గ్రామములలో ఈ పని దళిత కుటుంబములవారిదే. ఇది మన సంఘముల వారికి ప్రత్యేకముగా తెలియవలసిన సంగతి. ఈ ప్రాంతములో ఆర్కాటు మిషనువారి ద్వారా సువార్త విని వచ్చిన అనేకులు ఆ పేటలనుండి వచ్చినవారే. ఊరి బావిలో కుండ ముంచుటకు హక్కు లేనివానిని నమ్మి, ఊరంతటి నీళ్లను అతని చేతికిచ్చిరి. ఆయకట్టులో భూమిలేనివాడు గనుక పక్షపాతము చూపడని పెద్దలు ఎంచిరని చెప్పుదురు. ఆ ఎంపికలో జ్ఞానమున్నది, అవమానమును ఉన్నది. సుఖారు బావియొద్ద మన ప్రభువు సమరయ స్త్రీ కుండనుండి నీళ్లడిగినది ఇట్టి లోకములోనే. నీరు పంచుటలో నమ్మకముగా నుండినవారి మనుమలు నేడు నీటినిగూర్చి మాట్లాడు సభకు పోక ఇంటివద్ద కూర్చుండుట నాకు వ్యసనకరముగా నున్నది.

సభ అనగా గ్రామసభ. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఇరువది తొమ్మిది విషయములను సూచించెను. చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యము, వాటర్‌షెడ్ల పని అందులో మూడవది. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ఆరంభమైన తరువాత పంటకుంటలు, చెక్‌డ్యాములు, చెరువు పూడికతీత మన ఊళ్లలో కూలి పనులుగా జరిగెను. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతట 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు పెట్టి పనులను తీర్మానించిరి. ఆనాడు మీ ఊరి సభలో మీ సంఘమునుండి ఎందరు కూర్చుండిరి? మా వంక పూడినదని ఎవరు లేచి చెప్పిరి? రాజకీయము మనకెందుకని కొందరు భక్తులు అందురు. నెహెమ్యా 3వ అధ్యాయము వట్టి పేర్ల పట్టికవలె కనబడును, గనుక మనము త్వరగా దాటిపోవుదుము. యాజకులు, కంసాలులు, వర్తకులు, షల్లూము కుమార్తెలు గోడ కట్టుటకు వచ్చిరి. తమ యింటి ఎదుటి భాగమును కట్టినవారు అనేకులు. తెకోవ ఊరి ఘనులు మాత్రము ఆ పనికి మెడ వంచలేదని అదే పట్టికలో వ్రాయబడియున్నది. రానివారి సంగతి కూడ గ్రంథములో చేరెను.

విశ్వాసులు చెరువు పనికి రాకపోవుటకు వేరొక కారణమున్నది, దానిని తేలికగా ఎంచరాదు. చెరువు నిండి మొరవ పోవునప్పుడు ఊరివారు గంగమ్మకు పూజ చేయుదురు, టెంకాయ కొట్టుదురు, వేటను కోయుదురు. పని మొదలుపెట్టుటయు పూజతోనే. బోయకొండ మన చౌడేపల్లె మండలములోనే యున్నది. గంగమ్మను కొలుచు పొరుగువారి నడుమ మనము బ్రదుకుచున్నాము. పూజకు పోలేముగనుక పనికిని పోకుందుమని కొందరు తీర్మానించుకొనిరి. ఇది తప్పు ముడి అని నాకు తోచుచున్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు విగ్రహముల బల్లయొద్ద కూర్చుండవద్దనెను; అంగడిలో అమ్మబడు మాంసమును విచారణలేక తినవచ్చుననియు చెప్పెను. రెండింటిని అతడు వేరుపరచెను. పూడిక మన్ను గంప ఎవరికిని నైవేద్యము కాలేదు. ఊరి పెద్దల యొద్దకు ముందే పోయి, అన్నా, పూజలో మేము నిలువలేము, పార పట్టుకొని పనికి మాత్రము అందరికంటె ముందు వచ్చెదము అని మర్యాదగా చెప్పినయెడల మన పొరుగువారు అర్థము చేసికొనలేనివారు కారు. వారికి కోపము తెప్పించునది మన భక్తి కాదు, నిండిన చెరువు నీళ్లు వాడుకొని తవ్వకమునాడు కనబడకపోవుట. బబులోనుకు చెరపట్టబడినవారికి సహితము ఆ పట్టణపు క్షేమమును వెదకుమని యిర్మీయా ఉత్తరము వ్రాసెను. మన ఊరు బబులోను కాదు, మన తాతల ఊరే.

చెరువు లోపలి భూమి దున్నుకొనువారి సంగతియు ఒక మాట చెప్పవలెను. వారిలో మనవారును ఉన్నారు. గుంటెడు భూమిలేక, ఎండిన చెరువులో రాగులు చల్లుకొన్న విధవరాలిని, జె.సి.బి. పెట్టి కట్ట ప్రక్కన ప్లాట్లు వేసినవానిని ఒకే తక్కెడలో తూచరాదు. మొదటివారికి పంచాయతీ వేరొక ఆధారము చూపవలెను. రెండవవానిని అడుగుటకు ధైర్యము కావలెను.

ఇప్పుడు కాలువ వచ్చెను గదా, ఈ చింత యెందుకని యువకులు అడుగుచున్నారు. నిజమే. శ్రీశైలము జలాశయమునుండి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువ ద్వారా 2025 ఆగస్టులో కుప్పము వరకు చేరినవి. దేవునికి స్తోత్రము, పాటుపడినవారికి వందనములు. అయితే కాలువ నీళ్లు నిలుచుటకు చోటు మన చెరువులే. పూడిన చెరువులో కృష్ణా నీరైనను మోకాలి లోతే నిలుచును. కట్ట బాగుచేయని చెరువు నిండుట మేలుకాదు, కీడు. 2021 నవంబరు వానలలో కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి క్రింది ఊళ్లలో ప్రాణములు పోయెను. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట కారుటచేత క్రింది గ్రామములవారిని ఖాళీ చేయించిరి. క్రొత్త యిల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22లో విధియున్నది, ఎవరైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటివాని మీదికి వచ్చునని. చెరువుకట్ట ఊరంతటి పిట్టగోడ. దానిలో మొలచిన కంపచెట్లను చూచుచు నడచిపోయినవాడెవడు? ఎండిన యేండ్లలో ఎవరును కట్టవైపు చూడరు, చూడవలసినది అప్పుడే.

మన సంఘములలో కోతల పండుగ వచ్చుచున్నది. టమోటా గంపలు, రాగుల మూటలు, గుమ్మడికాయలు బల్లముందు పెట్టి వేలము వేయుదుము. ఈ యేడు దానికి ముందుగా సంఘ పెద్దలు ఒక పని చేయింపవచ్చును. దేవాలయ ఆవరణలోనిదో, దగ్గరి పొలములోనిదో ఒక బావిని ఏర్పరచుకొని, నెలకొకసారి నీటి మట్టము కొలిపించి సంఘపు పుస్తకములో వ్రాయించవలెను. తాడును దానికి కట్టిన రాయియు చాలును. వాడకములేని పాత బోరైనను పనికివచ్చును. వర్షమాపకము పెట్టి చదువు బాధ్యతను యువజనులకు అప్పగించవచ్చును. ఊరిలోనివారు ఎవరు వచ్చి అడిగినను, ఏ మతస్థులైనను, ఆ పుటలు తెరచి చూపవలెను. తరువాతి గ్రామసభకు మనవారు పోవునప్పుడు ఆ పుస్తకమును చంకలో పెట్టుకొని పోవుదురుగాక.